వెలుతురులో నా కుర్చీ

మొన్న లూకన్ లైబ్రరీలో, ఎవరూ చదవడం లేదని తీసి పక్కన పెట్టిన పుస్తకాల మధ్య, కరోనా రోజుల్లో నాకు తోడున్న బొమ్మల పుస్తకం కనిపించేసరికి, పాత చుట్టం ఎదురొచ్చినట్టయి, అక్కడే నిలబడి ఆ పేజీ వెతుక్కున్నాను. కిటికీ పక్కన కుట్టుకుంటున్న ఒక స్త్రీ, ఆమె ఒళ్ళో బట్టమీద కరిగిపోతున్న తెల్లటి వెలుతురు, అంతే బొమ్మ.

పదో తరగతితో నా బడి ముగిసింది కానీ, మన కాలంలో ఊరి గ్రంథాలయంలో బల్ల దగ్గర చోటు దొరికితే చదువు ఆగేదా? ఆ అలవాటుతోనే, సముద్రాలు దాటి కూతురింటికి వచ్చీ రాగానే ఇక్కడ లైబ్రరీ కార్డు తీసుకున్నాను. లైబ్రరీ మూతపడే ముందు తెచ్చుకున్న పుస్తకమది. నిఘంటువు పక్కన పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివాను. ఆ బొమ్మ వేసిన చిత్రకారిణి ఇంప్రెషనిస్టు, అంటే క్షణంలో మారిపోయే వెలుతురుని రంగుల్లో పట్టే మనిషి. మర్యాదస్తుల ఇళ్ళ ఆడవాళ్ళు కాఫీ హోటళ్ళలో ఒంటరిగా కూర్చోకూడని రోజులు కనుక, ఇంట్లోవాళ్ళనే గీసిందట. ఇదీ ఒక బొమ్మేనా అని మగవాళ్ళు నవ్వితే, మళ్ళీ అదే గీసిందట.

మా ఇంట్లో ఎండ వచ్చేది వంటింటి కిటికీ ఒక్కదానిలోంచే. మందుల కంపెనీలో ఇంజనీరైన మా అల్లుడు వంటింటి బల్లనే ఆఫీసు చేసుకున్నాడు. అతని వెనకాల, కిటికీ పక్కన, గోరుచిక్కుడుకాయలతో నేను. మీటింగు మొదలైందంటే, కెమెరాలో పడుతున్నానని నన్ను చీకటి మూలకి జరగమనేవాడు, జరిగేదాన్ని. ఆ బొమ్మ చూశాక మానేశాను.

"అత్తయ్యగారూ, ప్లీజ్. పెద్దవాళ్ళంతా ఉన్నారు."

"ఉండనీ బాబూ. వాళ్ళిళ్ళల్లో కూరలు తరగరా? చీకట్లో ఈనెలు తీస్తే, ఆ పీచు నీ పళ్ళల్లోనే ఇరుక్కుంటుంది."

"అయ్యో, మ్యూట్‌లో లేను!"

"మంచిదే, విననీ."

మెట్లమీద ఆన్‌లైన్ క్లాసులో ఉన్న మనవరాలు, తెలుగంతా అర్థమైనా జవాబు మాత్రం ఇక్కడి ఐరిష్ యాస ఇంగ్లీషులోనే ఇచ్చే పిల్ల, "లీవ్ హర్, డాడీ! షీ ఈజ్ గ్రాండ్!" అని కేక వేసింది. గ్రాండ్ అంటే ఇక్కడ, బాగానే ఉందిలే అని.

అల్లుడు ముభావమయ్యాడు, మా అమ్మాయి కళ్ళతోనే నన్ను బతిమాలింది, నేను మాత్రం మర్నాడూ అక్కడే కూర్చున్నాను. చివరికి అతనే బల్ల తిప్పుకున్నాడు. వెనకాల గోడ, ఎదురుగా నేనూ, వెలుతురూ. కొన్నాళ్ళకి, ఎవరో ఎడతెగకుండా మాట్లాడుతుంటే చెవులు అటే ఉంచి, నా చేటలోంచి గుప్పెడు కాయలు లాక్కుని తనూ ఈనెలు తీసేవాడు.

ఇప్పుడతను కారులో చెర్రీవుడ్ ఆఫీసుకీ, అమ్మాయి తన ఉద్యోగానికీ, మనవరాలు టాలట్ కాలేజీకీ వెళ్ళిపోతారు. గోరుచిక్కుడు తరిగిన ముక్కలుగా ఫ్రీజర్ పాకెట్లలో దొరుకుతోంది. తేవద్దన్నాను, పచ్చికాయలే తెమ్మన్నాను. వంటింట్లో వెలుతురంతా నాదే. జరగమనే మనిషి లేక, పగలంతా ఇల్లు మరీ పెద్దదైపోయింది. అయినా కుర్చీ జరపలేదు.