ఉమామహేశ్ గారి వినికిడి

బచేలిలో ఉమామహేశ్ గారికి పెద్ద సంగీతప్రియుడని పేరు. ఆయనకు చెవులు వినిపించడం మానేశాయన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా మాట్లాడితే కాస్త అందుతుంది. మిగతాదంతా తలూపి నెట్టుకొస్తున్నారు. ఓసారి గీదం సంతలో ఎవరో ఏదో అడిగితే అలాగే తలూపి, గంపెడు చింతపండుతో ఇంటికొచ్చారు. పైగా "పులుసంటే ఇష్టం కదా" అని బొంకారు.

భార్య పోయిన ఏడాదే చెవులూ పోయాయి. రెండింటికీ ఏడవలేదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లినా తెలియనట్టు, లోపలేదో అలా ఉండిపోయింది. ఆయన పలక్కపోతే దుఃఖమనుకుంది కూతురు వాసవి. ఆయనా కాదనలేదు. చెవుడుకన్నా దుఃఖానికి మర్యాద ఎక్కువ మరి.

సాయంత్రం కాగానే మాత్రం ఓ రికార్డు తీసేవారు. గనుల ఊరి ఎర్రదుమ్మును పాత వాయిల్ చీర ముక్కతో తుడిచి, అంచులు పట్టుకొని ప్లేయర్ పళ్ళెం మీద పెట్టి, ముల్లు దించేవారు. రికార్డు తిరుగుతున్నా దాని మీద వెలుగు గీత కదలకుండా నిలబడేది. ముల్లు మెల్లగా మధ్యకు జరిగేది. పాట ఎంత మిగిలిందో కంటికి తెలిసేది.

జగదల్‌పూర్‌లో కొత్తగా కాఫీ హోటల్ పెట్టిన కమలేష్, ప్లేయరూ రికార్డులూ కొంటానని అట్టపెట్టెలతో సహా వచ్చాడు. దుఃఖంలో వినిపించుకోడనుకొని, ముందురోజే వాసవి తండ్రి ఎడమ చెవి దగ్గర గట్టిగా చెప్పింది. "నువ్వు వింటవంటే ఉంచుదాం నాన్నా. వినకపోతే ఇంత చిన్న క్వార్టర్‌లో ఈ సామానంతా ఎందుకు?"

అంచేత ఆ పూట వింటున్నట్టు కనబడక తప్పదు. ఉమామహేశ్ గారు రికార్డు పెట్టి, కళ్ళు మూసుకొని, తొడ మీద తాళం వేశారు. కాసేపటికి "ఆహా! ఏం వయొలిన్!" అని కళ్ళు తెరిచారు.

ఇద్దరూ నోరు తెరుచుకొని చూస్తున్నారు. కమలేష్ వేలు నేలవైపుంది. పొద్దున ఊడ్చేటప్పుడు ఊడిపోయిన స్పీకర్ తీగ, బల్ల కింద ఎలుక తోకలా పడి ఉంది.

రావలసిన సిగ్గు రాలేదు. రికార్డు ఇంకెంత ఉందో చూసుకున్నారంతే.

వాసవి వంగి ముల్లు పక్కన చెవి పెట్టింది. స్పీకర్ లేకపోయినా ముల్లు దానంతటదే దోమంత గొంతుతో పాడుతోంది. కాసేపు విని, తండ్రి ఎడమవైపుకొచ్చింది.

"వయొలిన్ ఇంకా రానేలేదు నాన్నా. ఎప్పట్నుంచి ఇట్ల?"

"మీ అమ్మ పోయినకాడ్నుంచి."

"చెప్పొద్దా? మరి రోజూ ఏం వింటున్నవ్?"

"వినుడేముందమ్మా. తుడుస్త, పెడ్త, తిరుగుతది. అయిపోతే లేచి తిరగేస్త. ఫోన్ల పాటకైతే నేనెందుకు లేవాలె? పొద్దుగాల కూసుంటే మళ్ల పొద్దుగాల దాక అట్లనే కూసుంట."

కమలేష్ ఓ అట్టపెట్టెను ముందుకు లాగాడు. "అయితే దీదీ, ప్యాక్ చేసెయ్యనా? అంకుల్‌జీకి ఎట్లాగూ..."

"ఏం ప్యాకింగ్? వింటున్నడు కద, కనిపిస్తలేదా?"

ఆ మాట ఉమామహేశ్ గారికి అందలేదు. అట్టపెట్టెలు ఖాళీగా గడప దాటడం మాత్రం కనిపించింది. సంతోషం లాంటిదేమీ కలగలేదు. ఈలోగా మొదటి వైపు అయిపోయింది. లేచి, అంచులు పట్టుకొని, రికార్డు తిరగేశారు.

వాసవి తీగ తగిలించలేదు. ప్లేయర్ పక్కన నేల మీద కూర్చొని, ముల్లు దగ్గరకు చెవి వంచింది.