గ్రిల్లు రాడ్డు మీది బూడిద

సూర్యాపేటలో హైవే పక్కన రేకుల షెడ్డు వేసుకొని నేనూ నా భార్యా చికెన్ కాల్చి అమ్ముతాం. కోదాడలో మూతపడ్డ ఒక హోటల్ వాళ్ళ దగ్గర పాత పెల్లెట్ గ్రిల్లు కొన్నాను. కట్టెపొట్టును గట్టిగా నొక్కి చేసిన గుళికలే పెల్లెట్లు. పైన డబ్బాలో పోస్తే అవి కిందున్న ఇనుప గిన్నెలోకి జారుతాయి. గిన్నెలో వేలెడంత రాడ్డు కరెంటుతో ఎర్రగా కాగి వాటిని అంటిస్తుంది. ఆ రాడ్డును శుభ్రం చేయాలని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

కట్టె పెల్లెట్లు మా దిక్కు సులువుగా దొరకవు. మిర్యాలగూడ మిల్లుల దగ్గర వడ్ల ఊకతో చేసినవి కావలసినన్ని. అవీ మండేవే కదా అని తెచ్చి పోశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

నా భార్యది పెన్‌పహాడ్ దిక్కు ఊరు. పొయ్యి అలికి బొట్టు పెట్టనిదే అగ్గి ముట్టించని ఇల్లు వాళ్ళది. ఈ ఇనుప పొయ్యినీ ఆమె వదల్లేదు. ప్రతి శుక్రవారం తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టేది.

రెండు నెలలకు రాడ్డు మొరాయించింది. పొగ తప్ప మంట లేదు. పొద్దంతా నిలబడి కాళ్ళు లాగుతుంటే, ఓపిక లేక కర్పూరం బిళ్ళలు వేసి అంటించాను. సాయంత్రం రోజూ వచ్చే ఆటో డ్రైవర్ ఒక ముక్క నోట్లో పెట్టుకొని, "ఏందన్నా, కోడికి హారతిచ్చినవా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"అంతా ఈమె తడిగుడ్డ పుణ్యం. రాడ్డుకు నీళ్ళు తగిలించి ఖతం చేసింది" అని నా భార్యను చూపించాను.

ఆమె ఉల్లిగడ్డలు కోస్తూనే ఉంది. తల ఎత్తలేదు. ఆ తర్వాతి శుక్రవారం గ్రిల్లును ముట్టలేదు.

రాడ్డు విప్పి సంచిలో వేసుకొని కోదాడ బస్సెక్కాను. నీళ్ళు తగిలి పోయిందని చెప్పి ఇస్తే, అక్కడ మోటార్లు బాగుచేసే ముసలాయన దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు.

"నీళ్ళని ఎవరన్నారండీ? నీళ్ళు పోతే షార్టయ్యి మెయిన్ స్విచ్చి పడిపోయేది. ఇది ఊక బూడిద, కరిగి గాజులాగా పట్టేసింది. గిన్నెలో బూడిద ఎన్నాళ్ళకోసారి తీస్తున్నారు?"

ఒక్కసారీ తీయలేదు. ఆయన గీకి, కరెంటు ఇచ్చి చూస్తే రాడ్డు ఎర్రబడింది.

"రోజూ చల్లారినాక, ప్లగ్గు తీసేసి బూడిద ఎత్తండి. పాత పళ్ళ బ్రష్షుతో రాడ్డు తుడవండి. ఊకవి మానెయ్యండి" అన్నాడు.

తిరుగు బస్సులో సీటు దొరికినా కన్ను మూతపడలేదు. నా మీద నాకే రోత పుట్టింది.

ఇంటికొచ్చి, "నీ గుడ్డతోని రాడ్డు ఖరాబు కాలే. నేను పోసిన ఊకతోని అయింది. బూడిద గూడ తీయలే" అన్నాను.

"గిది నాకెందుకు సెప్తున్నవ్? మంది ముందట తిట్టినవ్. మంది ముందటనే సెప్పు" అంది.

గిరాకీ రాకూడదని నేను కోరుకున్న సాయంత్రం అదొక్కటే. అందరూ వచ్చారు. ఆటో డ్రైవర్ బెంచీ మీద కూర్చున్నాక నోరు విప్పాను. "రాడ్డు ఖరాబు చేసింది నేనే. ఆమె కాదు." ఎవరూ నవ్వలేదు. అతను "సరే తియ్యన్నా, ఒక లెగ్‌పీస్ ఇయ్యి" అన్నాడు.

శుక్రవారం ఆమె మళ్ళీ గుడ్డ తడిపింది. చుక్క రాలడం ఆగేదాకా పిండింది. దులిపి, మళ్ళీ పిండింది. గ్రిల్లు పైమూత, పక్కలు తుడిచింది తప్ప రాడ్డు దిక్కుకు గుడ్డ పోనే లేదు.

"గింత గట్టిగ పిండుతవా?" అని అడిగాను.

"ఎప్పుడు గిట్లనే పిండుత" అంది.

రెండు నెలలు ఆ పక్కనే నిలబడ్డాను. ఒక్క శుక్రవారమైనా చూడలేదు.