అత్త ఏడ్చిన షాట్

సినిమాల్లోకి రాకముందు మేం ముగ్గురం మూడు పనుల్లో ఉండేవాళ్ళం. మా దర్శకుడు చిత్తూరులో పెళ్ళి వీడియోలు తీసేవాడు. మాతో పాటు డబ్బు పెట్టిన మూడో మనిషి కోళ్ళ మందులు అమ్ముతూ ఊరూరా తిరిగినవాడు. నేను జీవిత బీమా ఏజెంటుని. సొంతంగా ఒక చిన్న సినిమా తీద్దామని దిగాక ఎవరి పాత పని వాళ్ళకు అక్కరకొచ్చింది. దర్శకుడికి లైట్లు తెలుసు. కోళ్ళ మందులాయనకు ఏ పల్లెలో ఎవరు అన్నం పెడతారో తెలుసు. నా పని దేనికి పనికొస్తుందో నాకప్పటికి తెలియదు.

కథకు ఒక పాత మిద్దె ఇల్లు కావాలి. వడమాలపేటలో మాకు దూరపు చుట్టమైన మామ ఇల్లు గుర్తొచ్చింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నేరుగా వెళ్ళాను. అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మామ లేడు నాయనా. పుత్తూరుకు పోయుండాడు."

గుమ్మం పక్కనే మామ చెప్పులున్నాయి. లోపల ఎవరో దగ్గు ఆపుకుంటున్నారు. ఏజెంటుగా ఇలాంటి గుమ్మాలు చాలానే చూశాను. కానీ ఆ పని మానేశాక కూడా సొంత మనుషులే నన్ను చూసి దాక్కుంటున్నారంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

"పాలసీ కాదత్తా, సినిమా" అన్నాను.

మామ బయటికొచ్చేశాడు. "సినిమానా? దానికన్నా పాలసీనే మేలు గదప్పా అల్లుడా!" అంటూ నవ్వి, ఇల్లు వాడుకోమన్నాడు.

ఇల్లు చూడడానికి వచ్చిన మా దర్శకుడు అత్తను చూసి, భార్య వేషం ఈమే వెయ్యాలని పట్టుబట్టాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడింది గానీ, వద్దనలేదు.

మొగుడు పోయిన కబురు విని ఇంటి ముందు తిన్నె మీద కూలబడి ఏడవాలి. అదీ సీను. అత్తకేమో కెమెరా చూడగానే నవ్వొస్తుంది. పొద్దు వాలిపోతోంది. దర్శకుడు నన్ను పక్కకు పిలిచి, "నువ్వొకసారి మాట్లాడన్నా" అన్నాడు.

నేను వెళ్ళి అత్త పక్కన కూర్చున్నాను.

"మామ పొద్దున్నే యాడికి పోతాడత్తా?"

"బోరు కాడికి."

"మళ్ళా ఎన్నింటికి వస్తాడు?"

"సద్ది తినే యాళకు వచ్చేస్తాడు."

"ఒక దినం పోయినాడనుకో. సద్ది యాళ దాటిపోయింది. రాలేదు. నువ్వు ఫోన్ జేస్తే మోగతానే ఉండాది. ఎత్తేవాళ్ళు లేరు. అంతలో చేని కాడినుంచి ఎవురో పరిగెత్తుకుంటా నీ ఇంటికే వస్తాండారు..."

అక్కడ ఆగాను. ఏజెంటు పనిలో మాటలకన్నా ఆగడమే అసలు విద్య. మిగతాది ఎదుటి మనిషి తనంతట తానే ఊహించుకుంటుంది.

అత్త ముఖంలో నవ్వు పోయింది. నేను మెల్లగా లేచి ఫ్రేములోంచి తప్పుకున్నాను. ఆమె తిన్నె మీదికి ఒరిగిపోయి, గొంతు పూడుకుపోయేలా ఏడ్చింది. దర్శకుడు కట్ చెప్పినా ఆగలేదు. కెమెరా వెనకనుంచి మామ నీళ్ళ చెంబుతో పరుగున వచ్చాడు.

"ఈడనే ఉండాను గదే! సూడు, ఈడనే ఉండాను."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. మావాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం తల ఎత్తాలనిపించలేదు. ఆ మాటలేవీ కొత్తవి కావు. ఎన్నో ఇళ్ళలో, ఇలాగే, ఎదురుగా మొగుడు కూర్చుని ఉండగానే భార్యలకు చెప్పినవే. అప్పట్లో భయపెట్టాక చేతికి ఒక పాలసీ కాగితమన్నా ఇచ్చేవాణ్ణి. అత్తకు ఏమీ ఇవ్వలేదు.

సినిమా పూర్తయ్యాక తిరుపతిలో ఒక హాల్లో వేశాం. అత్త రాలేదు, మామ వచ్చాడు. ఆట అయ్యాక మమ్మల్ని వేదిక మీదికి పిలిచి, ఇంతకుముందు ఏం చేసేవాళ్ళని అడిగారు. నేను బీమా ఏజెంటునని చెప్పాను. ఆ ఏడుపు ఎలా రాబట్టారని ఒకాయన అడిగితే, దర్శకుడు మైకు లాక్కుని నా మాటల సంగతంతా వర్ణించి చెప్పాడు. హాలంతా నవ్వి చప్పట్లు కొట్టింది. మామ కూడా కొట్టాడు.

బయట టీ తాగుతూ మామే మొదలుపెట్టాడు. "మీ అత్త ఆ పొద్దు నుంచి ఒక మాదిరి అయిపోయిందప్పా. నేను నిద్దరబోతా ఉంటే ముక్కు కాడ చెయ్యి పెట్టి సూస్తాది. ఊపిరి ఉండాదా లేదా అని."

అదేదో ముచ్చటైనట్టు నవ్వాడు. నేను టీ గ్లాసు కింద పెట్టేశాను.

తర్వాతి ఆదివారం వడమాలపేట వెళ్ళాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. అత్త ఒక్కతే ఉంది. మామ పాలకు పోయాడట. నన్ను కూర్చోమని చెప్పి తను గేటు దగ్గరే నిలబడింది.

"అత్తా, ఆ పొద్దు నేను అట్లా మాట్లాడకూడదు. తప్పయిపోయింది. నన్ను మన్నించత్తా" అన్నాను.

ఆమె "ఊఁ" అంది. చూపు మాత్రం రోడ్డు మీదే ఉంది. నేను మళ్ళీ ఏదో అనబోయేలోగా సందు చివర మామ మోపెడ్ చప్పుడు వినిపించింది. ఆయన లోపలికి వచ్చి పాల క్యాను దించాక గానీ ఆమె వచ్చి కూర్చోలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, నింపాదిగా నావైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పు నాయనా, ఏమో అంటా ఉంటివే?"

మామ మా ఇద్దరినీ చూస్తున్నాడు.

"ఏం లేదత్తా" అన్నాను.