నాగుల చవితినాడు తిరుమలగిరిలో నేను విరిచిన పుట్ట

నాగుల చవితికి పుట్టలో పాలు పోయకపోతే మా విజయనగరం వాళ్లకు ఏడాదంతా ఏదో వెలితి. ఇప్పుడు మేముండే పద్మారావు నగర్ వీధిలో కార్లకే చోటు లేదు, ఇక పుట్టలెక్కడివి. ఆఫీసులో ఈ గోడు చెప్పుకుంటే, తోటి ఉద్యోగిని మేరీ తన అత్తగారు రూత్ టీచర్ పెరట్లో నడుమెత్తు పుట్ట ఉందని చెప్పింది. ఫోన్ చేస్తే ఆవిడ ఒక్కటే షరతు పెట్టారు. "పాలు పోసుకోండమ్మా. పుట్ట మాత్రం విరగకూడదు. పదకొండేళ్లుగా కాపాడుకొస్తున్నాను."

ఉదయం ఏడింటికి ఆటో ఎక్కాను, తిరుమలగిరిలోని టీచర్ ఇంటికి రెండు వందలు. ఒళ్లో పాలసీసా, నువ్వుల చిమ్మిలి, కోడిగుడ్లు చూసి డ్రైవర్ నవ్వాడు.

"మా దిక్కు నాగపంచమి శ్రావణంలనే అయిపోయింది మేడం. మీరు గిప్పుడు షురూ చేసిన్రా?"

"మా పండగ కార్తీకంలోనే బాబూ."

"అయితే జెర మెల్లగ పోతా. గుడ్లు పగిల్తె పరేషాన్."

అరగంటలో చేరాం. పాలు పోశాను, కన్నం అంచున చిమ్మిలి పెట్టాను. అలవాటు కొద్దీ గుడ్డును లోపలికి గట్టిగా నెట్టాను. అరచేయంత పెచ్చు ఊడి నా చేతికి వచ్చింది. లోపల తెల్లటి చెదలు కకావికలయ్యాయి. చిమ్మిలికి బారులు తీరిన చీమలు అటు తిరిగాయి.

రూత్ టీచర్ కోప్పడలేదు. "ఆ చిమ్మిలి తీసేయండి. మిగతాది అవే చూసుకుంటాయి" అన్నారు. తీస్తుంటే పెద్ద తలకాయ చెద ఒకటి నా వేలు పట్టుకుంది. అలాంటివే విరిగిన అంచు చుట్టూ వరసగా నిలబడ్డాయి.

"ఇవి కాపలావి. కొరికి నోట్లోంచి ఓ చుక్క వదులుతాయి. గాలి తగిలితే అది గోధుమరంగు జిగురవుతుంది" అన్నారు టీచర్. చూస్తుండగానే రెండు చీమలు కాళ్లు అంటుకుని కదల్లేకపోయాయి. మిగతావి వెనక్కి మళ్లాయి. ఆవిడిచ్చిన టీ తాగుతూ వరండాలో కూర్చున్నాను. పదకొండింటికి వెళ్లి చూస్తే కంత నిండా తడిమట్టి. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

చర్చికెళ్లే ఆవిడకు ఈ పుట్ట మీద ఇంత ప్రేమేమిటని అడిగాను. "మీరు మొక్కేది పాముకి. ఇల్లు కట్టుకున్నవి ఇవి. జీవశాస్త్రం చెప్పినదాన్ని, ఇంటివాళ్ల తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలిగా" అని నవ్వి, వచ్చే ఏడూ రమ్మన్నారు.

వేలి మీది గోధుమ మరక సబ్బుకు పోలేదు. నాకది తృప్తిగానే ఉంది. ఇన్నేళ్లు పాలు పోసింది ఎవరింట్లోనో ఇప్పుడు తెలిసింది. మీరూ పుట్టకు వెళ్తుంటే ఒక్క మాట: తీపి దూరంగా ఆకులో పెట్టండి, పాలు చెంచాడే, అదీ పుట్ట మొదలు దగ్గర పోయండి, గుడ్డు లోపలికి నెట్టకండి. చెప్పకుండా ఇంట్లోకి చొరబడితే ఎవరైనా కరుస్తారు.