హగరి ఇసుకలో చైనా పట్నం

ఆ రోజుల్లో నా బతుకంతా రైలు చుట్టూ తిరిగేది. తెల్లారగానే బళ్ళారి సత్యనారాయణపేటలో ఇల్లు వదిలి, ప్యాసింజరెక్కి హగరిలో దిగి, అక్కడినుంచి ఎండలో బడికి నడక. సాయంత్రం మళ్ళీ అదే నడక, అదే రైలు. టెంపరరీ పంతులమ్మని. ఇంట్లో మంచం పట్టిన అమ్మ. ముప్పై ఏళ్ళు నిండకుండానే ముసలిదాన్నయిపోయాననిపించేది.

చైనావాళ్ళూ మనమూ అన్నదమ్ములమని ఊరూరా నినాదాలిచ్చే కాలమది. ఒకనాడు హెడ్మాస్టరు గారు ఇంగ్లీషు పుస్తకం ఒకటి నా బల్ల మీద పడేసి, "ఐదో క్లాసుకు చెప్పండి" అని వెళ్ళిపోయారు. చైనాలో ఒక పెద్ద నది ఒడ్డున ఉన్న ఫ్యాక్టరీల పట్నం గురించి, చూడవచ్చేవాళ్ళ కోసం అచ్చేసిన పుస్తకమది. ఏం చెప్పను నా మొహం! మా పిల్లలకు నది అంటే హగరి. హగరి అంటే ఇసుక. ఆ నదిలో ఓడలు పోతాయంటే, "ఇసకలో ఓడలెట్ల పోతాయి టీచరమ్మా?" అని ఒకటే నవ్వు.

నాకు ఒళ్ళు మండింది. పదండని అందరినీ ఏట్లోకి తోలుకుపోయాను. హగరి ఎంత ఎండినా మూరెడు లోతు తవ్వితే చెలమ ఊరుతుంది. పిల్లలు వరసగా చెలమలు తవ్వి, వాటిని కలిపేశారు. నది తయారైంది. పగిలిన పలకల చట్రాలతో వంతెన కట్టాం. పుస్తకంలో ఉన్నట్టే కింద రైలుకు, పైన మోటార్లకు. స్టేషను దగ్గర ఇంజన్లు పారబోసిన కాలిన బొగ్గు గడ్డలు తెచ్చి ఉక్కు ఫ్యాక్టరీ, జొన్నదంట్లతో పొగగొట్టాలు. చూడాల్సిన చోట్లకు పుస్తకంలో నెంబర్లు వేసి ఉన్నాయి. మేం ప్రతి నెంబరుకూ ఒక పుల్ల పాతి, దానికి ఎర్ర గుడ్డ పీలిక కట్టాం. నిజం చెప్పొద్దూ, అన్నాళ్ళ తర్వాత ఆ రోజే నాకు కాస్త సంతోషమనిపించింది.

ఆ పీలికలే కొంప ముంచాయి. ఏటి గట్టున కోస్తా నుంచి వచ్చిన రైతుల క్యాంపు ఉండేది. తుంగభద్ర కాలువ వస్తుందని అక్కడ ఉన్నదంతా అమ్ముకుని, ఇక్కడ రేగడి నేలలు కొని వరి పెట్టినవాళ్ళు. ఎర్ర గుడ్డ కట్టిన పుల్ల కనిపిస్తే చాలు, వాళ్ళకు ఊపిరాడదు. సర్వేవాళ్ళు ఆ పుల్ల ఎక్కడ పాతితే కాలువ అటే వస్తుంది మరి.

ఆ క్యాంపులో ఒక పెద్దాయన. కాలువకు చిట్టచివర ఆయన పొలం. మూడేళ్ళయినా నీళ్ళు ఆయన గట్టుదాకా రాలేదు. పైవాళ్ళు తూములు ఎత్తుకుని ముందే తోడేసుకునేవాళ్ళు. ఇక భార్య పోరు పడలేక, పొలం అమ్మేసి సొంతూరు పోదామని బేరం కుదుర్చుకున్నాడు. సరిగ్గా అప్పుడు మా నదిని చూశాడు. నీళ్ళు, వంతెన, వరసగా ఎర్ర గుడ్డలు.

మర్నాడు నేను వెళ్ళేసరికి దాని చుట్టూ తిరుగుతున్నాడు.

"మా పొలం ఎటేపు పడుద్దమ్మా?"

"ఇది పిల్లల పాఠం బాబాయి గారూ" అన్నాను.

"మాకు తెలీదేంటమ్మా! పైవాళ్ళు చెప్పొద్దని ఉంటారు" అని నవ్వాడు.

కూర్చోబెట్టి గట్టిగా చెప్పాల్సింది. కానీ రైలు టైమైపోతోంది, కాళ్ళు పీకుతున్నాయి. రేపు చెబుదాంలే అనుకున్నాను. రెండో రోజూ అంతే. మూడో రోజు అమ్మకు జ్వరమొస్తే సెలవు పెట్టాను.

నాలుగో రోజు, బడికి నీళ్ళు మోసే ఆమె నన్ను గేటు దగ్గరే పట్టుకుంది.

"ఏంది టీచరమ్మా, ఏట్లో డ్యాము కడతాండారంట గదా? క్యాంపులో ఆ పెద్దాయప్ప పొలం అమ్మనని, కొనేటోళ్ళను ఎనక్కి పంపిచ్చినాడంట. వాళ్ళు యాడనో ఇంకో పొలం చూసుకొన్యారు. ఆయప్ప పెండ్లాము కూసోని ఏడుస్తాండాది."

ఆయనకు ఒక్క మాట గట్టిగా చెప్పలేకపోయానే! గబగబా ఏటికి నడిచాను. పెద్దాయన అక్కడే ఉన్నాడు. మా నది ఒడ్డున పసుపు కుంకుమలు పెట్టి, చేతిలో కొబ్బరికాయ పట్టుకుని ఉన్నాడు. కొత్త నీళ్ళు వస్తే గంగమ్మకు అలా పెట్టుకోవడం వాళ్ళ ఆనవాయితీ.

అంతా చెప్పేశాను. ఇది చైనాలో ఒక పట్నమనీ, ఇక్కడ ఎవరూ ఏమీ కట్టడం లేదనీ. నమ్మడేమోనని పుస్తకం తీసి వంతెన బొమ్మ చూపించాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన ఆ బొమ్మలో నది మీద వేలు పెట్టాడు.

"అంత పెద్ద నదా?"

"అవును."

"మరి ఆ ఊళ్ళో కాలువ చివర పొలమున్నోడికి నీళ్ళందుతాయా అమ్మా? ఏం రాశారో చూడు."

పేజీలు తిప్పాను. ఉక్కు ఎంత పోస్తారో ఉంది. ఏ హోటల్లో దిగాలో ఉంది. వంతెన మీద ఏ పక్క నిలబడితే ఓడలు బాగా కనిపిస్తాయో ఉంది. మొదటినుంచి చివరిదాకా రెండుసార్లు వెతికాను.

"రాయలేదు బాబాయి గారూ."

"రాయరులే. చూసిపోయేవాళ్ళ కోసం రాసింది కదా" అన్నాడు.

ఎలాగూ తెచ్చాను కదా అని కొబ్బరికాయ అక్కడే కొట్టాడు. నీళ్ళు మా నదిలో పోశాడు. చేరిన పిల్లలకు తలా ఒక ముక్క ఇచ్చి, నాకూ ఒకటి పెట్టాడు. పొద్దుటినుంచి ఏమీ తినలేదేమో, సిగ్గు లేకుండా తినేశాను.

సాయంత్రం స్టేషనుకు నడుస్తుంటే, ఆయన తన పొలం గట్టు మీద ఒక్కడే కూర్చుని కనిపించాడు. దగ్గరికి పోయి, తప్పు నాదని చెప్పాలనుకున్నాను. ఆయన పక్కన కాసేపు కూర్చోవాలనీ అనుకున్నాను. అంతలో బండి కూత వినిపించింది. వెళ్ళి బండెక్కాను.