అక్క రికార్డ్ షీట్

దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షాపు మీద మూడో అంతస్తులో మా కోచింగ్ సెంటర్. ఉద్యోగ పరీక్షలు రాసే పిల్లలకు నేను పాలన, చట్టాలు చెప్తాను. మండల ఆఫీసులో ఏ రికార్డు ఎవరి దగ్గర ఉంటుంది, దాన్ని ఎట్లా అడగాలి, ఎన్నాళ్లలో ఇవ్వాలి అన్న పాఠం నాకు కళ్లు మూసుకున్నా వచ్చు. అంత పాఠం చెప్పేవాణ్ణి ఒక్క రికార్డు కోసమైనా ఏ ఆఫీసు మెట్టూ ఎక్కిన పాపాన పోలేదు.

మధ్యాహ్నం క్లాసులో పిల్లలు కునుకుతుంటే లేపడానికి నా దగ్గర ఒక కథ ఉండేది. "మా అక్క లెక్కల సారును చూస్తే జొన్నచేన్ల దాక్కునేది. సారు ఊరు దాటినంక బయటికొచ్చేది. అందుకే ఇయ్యాల ఆమె మన్సూరాబాద్‌ల జాకెట్లు కుడుతుంది, నేను మీ ముందర మైకు పట్టుకున్న. ఎటు పోతరో మీరే చూసుకోండ్రి." క్లాసంతా గొల్లుమనేది. ఒకసారి సెంటర్ వాళ్లు ఆ ముక్కను వీడియో చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. బాగానే తిరిగింది. నేనూ రెండు మూడు సార్లు చూసుకుని మురిసిపోయాను.

అక్క నాకంటే రెండేళ్లు పెద్ద. ఏడో తరగతిలో బడి మానేసింది. బావ ఆటో నడుపుతాడు, అక్క ఇంట్లోనే మిషన్ పెట్టుకుంది. ఇద్దరూ కలిసి కూతుర్ని నర్సింగ్ చదివించారు. ఆ పిల్ల ఉద్యోగంలో చేరిన నెలలోనే ఒక ఆదివారం నన్ను తిండికి పిలిచింది అక్క. కోడికూర వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"తమ్మీ, నేను పదోతరగతి రాస్త. ఓపెన్ స్కూల్ల."

నోట్లో ముద్ద ఉండగానే నవ్వాను. "గీ వయసుల పది రాసి కలెక్టరయితవా అక్కా?"

ఆమె కూడా కొంచెం నవ్వింది. నవ్వి, కూర గిన్నె నా వైపు జరిపింది. "ఫారంకు రికార్డ్ షీట్ గావాలట. ఆధార్‌ల పుట్టిన తారీఖు జనవరి ఒకటి అని ఏదో ఏసిండ్రు, అది నడవదన్నరు. మనూరి బడిల చదివినట్టు కాయితం తేవాలె. నువ్వు గివే చెప్తవు గద పిల్లలకు."

"చూద్దాం తీ" అన్నాను.

గేటు దగ్గర వాళ్ల ఇంటి ఓనరమ్మ ఆపింది. కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడినావిడ, టీచరుగా చేసి రిటైరైంది. "మీ అక్కగారికి నేనే చెప్పానండీ, రాయమని. సాయంత్రాలు నా దగ్గర కూర్చుని పేపరు మొత్తం చదివేస్తుంది. చాలా చురుకైన బుర్రండీ ఆవిడది. కాస్త ఆ కాగితమేదో తెప్పించి పెట్టండి." చెప్తున్నంతసేపూ ఆవిడ ముఖంలో నవ్వు లేదు. నాతో ఎందుకంత బిగుసుకుని మాట్లాడిందో అప్పుడు నాకు తట్టలేదు.

రెండు నెలలు తిప్పాను. ఒక వారం టెస్టులన్నాను, ఇంకో వారం కొత్త బ్యాచ్ అన్నాను. ఇక నన్ను అడగడం మానేసి, అక్క ఒక్కతే ఎల్బీనగర్‌లో బస్సెక్కి మా మండలానికి పోయింది. సారు మీటింగుకు పోయిండు, రేపు రమ్మన్నారట. మర్నాడు మళ్లీ పోయింది. మీ ఊరి బడి ఎప్పుడో మూతపడింది, మా దగ్గర ఏమీ లేవన్నారట. ఆ సంగతి ఫోన్లో చెప్పినప్పుడు నేనన్న మాట ఇది: "ఎవర్ని ఏమడగాలెనో తెల్వకుంట ఎందుకు పోయినవ్?"

ఫారాలకు గడువు దగ్గరపడ్డాక గాని నేను కదల్లేదు.

మండల విద్యాధికారి ఆఫీసు రెండు గదులు. కుర్చీలో ఉన్న గుమస్తా ముందు నేను క్లాసులో మాట్లాడినట్టే మాట్లాడాను. సమాచార హక్కు అన్నాను, గడువు అన్నాను, ఇవ్వకపోతే అప్పీలు అన్నాను. అక్క నా వెనుక పర్సు పట్టుకుని నిలబడింది. గుమస్తా అంతా ఓపిగ్గా విన్నాడు.

"సార్, మీరు చెప్పింది కరెక్టే. గానీ మీ ఊరి బడి మూసినప్పుడు బీరువ ఎటు పోయిందో నాకు తెల్వదు. నేనొచ్చి ఏడాదే అయింది. చట్టంల అది గూడ రాసుంటే చెప్పుండ్రి, పోయి తెస్త."

వెనక్కి చూస్తే అక్క లేదు. బయట వరండా ఊడ్చే ముసలామె పక్కన గోడకానుకుని కూర్చుని మాట్లాడుతోంది. ఇద్దరూ ఒకరి ఊరు ఒకరు అడిగి, చుట్టరికాలు కలుపుకుంటున్నారు. ఐదు నిమిషాల్లో లేచి వచ్చింది.

"తమ్మీ, రిజిస్టర్లు హైస్కూల్ల ఉన్నయంట. గా ఊడ్చే అవ్వనే ట్రాక్టర్ల ఎక్కించిందట అప్పట్ల."

నేను నలభై నిమిషాలు వాదించి తెలుసుకోలేనిది అది.

హైస్కూలు అక్కడికి నడిచిపోయేంత దూరమే. హెడ్‌మేడం మంచి మనిషి. ఆటసామాను గది తీయించింది. విరిగిన బెంచీల వెనుక ఒక రేకుపెట్టె, దాని నిండా రిజిస్టర్లు. పైవాటికి చెద పట్టింది. నేను రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడితే, అక్క కొంగు దోపుకుని కింద కూర్చుంది. ఒక్కోటి దులిపి, అట్ట మీద సంవత్సరం చదివి పక్కన పెడుతోంది. అడుగు నుంచి మూడోది మాది.

మేడం తన బల్ల దగ్గర పేజీలు తిప్పింది. "ఇగో, దొరికింది." అక్క పేరు, బాపు పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, ఏడో తరగతిలో ఉండగా మానిన తేదీ. అక్క తన పుట్టిన తేదీని రెండుసార్లు పైకి చదువుకుంది. అది ఎండాకాలంలో ఒక రోజు. వానకాలంలో పుట్టినవని అమ్మ చెప్పేదట.

ఆ పేజీకి ఒక కాగితం గుండుసూదితో గుచ్చి ఉంది. సూది తుప్పు పట్టి కాగితం మీద ఎర్రటి మరక పడింది. మేడం దాన్ని తిప్పి చదివింది. "ప్రధానోపాధ్యాయుల వారికి నమస్కరించి వ్రాయునది. మా అమ్మాయికి చదువు మీద శ్రద్ధ లేదు. కావున రేపటి నుండి బడి మాన్పించుచున్నాము." కింద బాపు బొటనవేలి ముద్ర.

మేడం అదే కట్టలోని మార్కుల రిజిస్టర్ కూడా తిరగేసింది. "శ్రద్ధ లేదని రాసిండ్రు గానీ, ఇండ్ల చూస్తే లెక్కల్ల, తెలుగుల ఈమెనే ఫస్టున్నది గదా?" అని నా వైపు చూసింది.

"ఇంట్ల పనుండె మేడం" అన్నది అక్క.

ఆ కాగితం మీది అక్షరాలు నావి.

అప్పుడు నేను ఐదో తరగతి. అమ్మ ఎడ్లబండి మీద నుంచి పడి నడుము విరగ్గొట్టుకుంది. పత్తి ఏరే రోజులు. ఒక సాయంత్రం బాపు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, నోటుపుస్తకం నుంచి కాగితం చింపి ఇచ్చాడు. "అక్క రేపటి సంది బడికి రాదని రాయి బిడ్డా." ఎందుకని రాయాలె అంటే, "ఏదో ఒకటి రాయి" అన్నాడు. మా సారు మొద్దు పిల్లలను తిట్టేటప్పుడు చదువు మీద శ్రద్ధ లేదనేవాడు. ఆ మాట పెద్దవాళ్ల మాటలాగా ఉంటుందని నాకు ఇష్టం. అదే రాశాను. అక్క బియ్యం చెరుగుతూ చాట పక్కన పెట్టి, కాగితం తీసుకుని చదివింది. తర్వాత నా సంచిలోంచి పెన్సిల్ తీసుకుని, "ద కింద ద గాదు, ధ రావాలె" అని దిద్దింది. నేను సిరాతో రాసిన 'శ్రద్ద' మీద ఆమె పెన్సిల్ గీత ఇప్పటికీ ఉంది. మర్నాడు ఆ కాగితం నేనే తీసుకుపోయి ఇచ్చాను. దస్తూరి బాగుందని పెద్దసారు నా వీపు తట్టాడు. ఆ సంగతి ఇంటికొచ్చి అందరికీ చెప్పుకున్నాను, అక్కకు కూడా.

జొన్నచేను కథ ఎప్పుడు మొదలైందో నాకు గుర్తులేదు. సారును చూసి చేన్లో దాక్కున్నది నేను. అడిగినవాళ్లకు అక్క మీద పెట్టి చెప్పీ చెప్పీ, చివరికి నేనే నమ్మేశాను.

రికార్డ్ షీట్ రాయించడానికి మేడం ఫారం తీసింది. అక్క చేతులు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి పోయింది. నేను గొంతు తగ్గించాను.

"మేడం, ఆ ఉత్తరం నేను తీసుకుపోవచ్చునా?"

"ఎందుకు సార్?"

"ఊరికే. పాత కాయితం గదా, ఎవరికి పనికొస్తది."

"రిజిస్టర్ల ఉన్నది ఏదీ బయటికి ఇయ్యరాదు సార్. దరఖాస్తు పెట్టుకుంటే జిరాక్స్ ఇస్తం. మీకు తెలిసిందే గదా."

తల తిప్పితే అక్క గుమ్మంలో ఉంది. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటోంది. విన్నదని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని, రికార్డ్ షీట్ ఉన్న ప్లాస్టిక్ కవరు ఒళ్లో పెట్టుకుంది. నేనే నోరు తెరిచాను.

"అక్కా, శ్రద్ధ లేదని బాపు చెప్పలే. నేనే రాసిన."

"ఎరుకే."

"చిన్నతనంల..."

"అప్పుడు పదేండ్ల పోరనివి. నేనేమన్న అన్ననా?" కిటికీలోంచి చూపు తిప్పకుండానే అన్నది. "ఫోన్ల జొన్నచేను ముచ్చట చెప్పిన నాడు నువ్వు పోరనివి గాదు గద తమ్మీ."

ఎవరో జాకెట్ కొలతలకు వచ్చినామె తన ఫోన్లో ఆ వీడియో చూపించిందట. మీ తమ్ముడే గదా అని నవ్విందట. ఓనరమ్మ కూడా అక్కడే ఉందట. "నేను గూడ నవ్విన. టేపు చేతుల పట్టుకుని ఏం జెయ్యాలె మరి" అన్నది అక్క. గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

"తప్పయింది అక్కా" అన్నాను. అదే సమయంలో కండక్టర్ ఏదో స్టాపు పేరు అరిచాడు. ఆమెకు వినపడలేదేమో. మళ్లీ అనే ధైర్యం నాకు రాలేదు.

వీడియో తీసేయమని సెంటర్ వాళ్లను అడిగాను. తీశారు గాని, అప్పటికే అది పిల్లల ఫోన్లలో ఉంది. తర్వాతి బ్యాచ్‌లో ఒక పిల్లవాడు లేచి, "సార్, అక్క కథ చెప్పుండ్రి" అన్నాడు. నేను మైకు పట్టుకుని, "అది అబద్ధం. దాక్కున్నది నేను" అన్నాను. ఇదేదో కొత్త జోక్ అనుకుని క్లాసంతా నవ్వింది. మిగతాది కూడా చెప్పాలనే అనుకున్నాను. ఉత్తరం సంగతి, పెన్సిల్ సంగతి. కానీ పుస్తకం తెరిచి పాఠంలోకి పోయాను.

అక్క పరీక్షలు రాసింది. సెంటర్ మలక్‌పేటలో పడింది. మొదటిరోజు నా బండి మీద తీసుకుపోతానంటే, బావ ఆటో ఉంది గదా అన్నది. ఒకే విడతలో అన్నీ పాసైంది. ఆ మాట నాకు మేనకోడలు ఫోన్ చేసి చెప్పింది. మిఠాయి డబ్బా తీసుకుని పోతే ఇల్లంతా మనుషులు. అక్క నాకూ అందరితో పాటే టీ ఇచ్చింది, అందరితో మాట్లాడినట్టే నాతోనూ మాట్లాడింది.

ఇప్పుడు ఇంటర్ కట్టింది. సబ్జెక్టుల్లో సివిక్స్ తీసుకుంది. అది నేను రోజూ చెప్పే పాఠమే కాబట్టి, ఆదివారాలు వచ్చి చెప్తానన్నాను.

"ఓనరమ్మ చెప్తుంది తమ్మీ" అన్నది. నా ముఖం చూసి, "సమజ్ గాకుంటే అడుగుత తీ" అని కలిపింది.

ఏడాది కావస్తోంది. ఇంకా అడగలేదు.