మైల అంటని పరామర్శ

మొన్న ఎక్కడో పరాయి దేశంలో ఓ నాయకుణ్ణి సభలోనే కాల్చి చంపారు. గంట తిరక్కుండానే దేశాలన్నీ సంతాపాలు మొదలుపెట్టాయి. ఒకాయన దిగ్భ్రాంతి చెందాడు, ఇంకొకాయన తీవ్రంగా ఖండించాడు. "పాపం, ఎంతమంది బాధపడుతున్నారో" అన్నాడు మా ఆయన. నేను టీవీ కట్టేశాను. ఆ వరస నాకు పడదు.

మన నాయకుణ్ణి చంపినప్పుడు నేను డిగ్రీ రెండో ఏడు. సెలవులకి చిలకలూరిపేట దగ్గర మా ఊళ్ళో ఉన్నాను. ఆ ఏటి మిరపకాయంతా ఇంకా ఊరి చివర కళ్లంలోనే ఉంది. పొద్దున్నే లారీ వచ్చి గుంటూరు కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్ళాల్సింది. బంద్ కదా, రాలేదు. హైవే మీద బస్సుల అద్దాలు పగలగొడుతున్నారనీ, పక్క ఊళ్ళల్లో అవతలి పార్టీ వాళ్ళ కొట్లు తగలబెడుతున్నారనీ ఒకటే కబుర్లు. మా ఊళ్ళో ఆ అవతలి పార్టీ మేమే.

రేడియోలో మాత్రం తెంపు లేకుండా విదేశాల సంతాపాలు. మనతో యుద్ధం చేసిన దేశం కూడా పంపిందట. అది విని అమ్మ పప్పుగుత్తి పక్కన పడేసింది.

"విన్నారా? పగవాడే పలకరింపు పంపాడు. ఎదురింటి అన్నయ్యని పలకరించడానికి మీకేం రోగం? కళ్లంలో కాయుంది, మర్చిపోకండి."

ఎదురింటాయన నాన్నకి మేనత్త కొడుకు. చనిపోయిన నాయకుడి పార్టీకి మా ఊళ్ళో పెద్ద. పంచాయతీ ఆఫీసు ముందు టెంటు వేయించి, ఫొటోకి దండ వేసి, తను గుండు చేయించుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్ళంతా దణ్ణం పెట్టి, పక్కనున్న బోరింగు దగ్గర నెత్తిన నీళ్ళు పోసుకుని తడిబట్టలతో ఇళ్ళకి పోతున్నారు, సొంతింట్లో చావైనట్టు.

"మీరూ పోసుకుని రండి" అంది అమ్మ.

నేను ఊరుకుంటానా? "ఫొటోకి మైలేంటమ్మా? శవం ఢిల్లీలో ఉంటే స్నానాలు ఇక్కడా? సంతాపం పంపిన దేశాలన్నీ తలస్నానాలు చేశాయా?"

నాన్న నవ్వాడు. చదువుకున్న కూతురి మాటంటే ఆయనకి అంత గురి.

నాన్న టెంటుకి బయల్దేరితే నేనూ వెనకాలే వెళ్ళి, ఎదురుగా ఉన్న లైబ్రరీ అరుగు మీద నిలబడ్డాను. నాన్న పూలు వేశాడు. ఎదురింటాయన చేతులు పట్టుకున్నాడు. పదిహేనేళ్ళుగా ఎన్నికలప్పుడు తిట్టుకోవడం తప్ప మాటల్లేని మనుషులు. ఆయన నాన్న భుజం మీద తలపెట్టి ఏడ్చేశాడు. హమ్మయ్య అనుకున్నాను.

నాన్న చెప్పులేసుకుని బోరింగు దాటి నడిచాడు.

పంపు కొడుతున్నవాడు ఆపేశాడు. టెంటులో వాళ్ళు ఒక్కొక్కరే తల తిప్పి చూశారు.

"ఏం బావా, పొడిగానే పోతున్నావే? మా చావు నీకంటలేదా?" అన్నాడు ఎదురింటాయన.

నాన్న వెనక్కి తిరిగి, బావల సరసమే అనుకున్నాడో ఏమో, నవ్వుతూ అన్నాడు: "ఫొటోకి మైలేంటి బావా? మా అమ్మాయి అడిగితే నా దగ్గర జవాబు లేదు."

ఒక్కరూ నవ్వలేదు.

'ఒక్క బకెట్టు పోసుకో నాన్నా' అని అరిస్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. కానీ అంటే నేను ఓడిపోయినట్టేగా! ప్రతిదానికీ మాటకి మాట అంటించేదాన్ని, ఆ పూట మాత్రం నోరు మూసుకున్నాను.

"సరేలే, చదువుకున్నోళ్ళు" అన్నాడాయన. కళ్ళు తుడుచుకున్నాడు. తడిబట్టలతో ఉన్న నలుగురిని దగ్గరికి పిలిచి ఏదో చెప్పాడు. వాళ్ళు ఇళ్ళకి కాకుండా ఊరి చివరికి నడిచారు.

ఇంకా పొద్దుండగానే మొదట అమ్మ దగ్గింది. తర్వాత నేను. కాసేపటికి ఎదురింట్లోనూ దగ్గులు, టెంటులోనూ దగ్గులు. మిరప పొగకి ఏ పార్టీ అయినా ఒకటే. తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని నాన్న కళ్లం వైపు పరిగెత్తాడు.

అమ్మ నా వంక చూసింది. ఒక్క మాటా అనలేదు. అనుంటే జవాబు చెప్పేదాన్నేమో.